ఇంటి ప్లాన్ గీయించే ముందు మెదడు సంగతి కూడ చూసుకోండి, ఎట్లనో చెప్త

మా అమ్మని ఊరి నుంచి హన్మకొండకి తీసుకొచ్చిన కొత్తల, రాత్రి రెండింటికి బాత్రూంకని లేచి హాల్ల నిలబడిపోయేది, ఎటు పోవాల్నో తెలిసేది కాదు. పరకాల దగ్గర మా పెంకుటింట్ల యాభై ఏండ్లు ఉన్న మనిషి, కరెంటు లేని రాత్రుల్ల కూడ చీకట్లనే కుండ కాడికి, దొడ్లెకి పోయివచ్చిన మనిషి. ఇక్కడ నేనే గీసిన ప్లాన్, నేనే దగ్గరుండి కట్టించిన ఇల్లు. మూడు తలుపులు ఒక్క వరసల ఉంటయి, మూడింటికీ ఒకటే టేకు రంగు, ఒకటే హ్యాండిల్. చూసినోళ్లందరు మంచిగున్నయి అన్నరు. అమ్మకి మాత్రం ఏ తలుపు దేనిదో తెలిసేది కాదు. పద్దెనిమిదేండ్ల సంది ప్లాన్లు గీస్తున్న, వచ్చినోళ్లని ఎన్ని గజాలు, ఏ ఫేసింగు, పార్కింగ్ ఎంత, పూజ రూం ఎటు అని అన్నీ అడుగుత గానీ, ఈ ఇంట్ల ఉండబోయే మనిషి తలకాయకి ఏం కావాలె అని ఒక్కసారి కూడ అడగలేదు.

అప్పటి సంది దొరికిందల్లా చదివిన. మెదడు శాస్త్రం తెలిసినోళ్లు, ఆర్కిటెక్టులు కలిసి పనిచేయాలని అమెరికాల శాన్‌డియాగోల 2003ల ఒక అకాడమీనే పెట్టుకున్నరు. వాళ్ల మాటలన్నీ మనకి అక్కరకి రావు, మన ఎండ వేరు, మన ఇండ్లు వేరు. అందుకే మన వరంగల్, కరీంనగర్, మంచిర్యాల దిక్కు 150, 200 గజాలల్ల ఇల్లు కట్టుకునేటోళ్లకి ఏం పనికొస్తదో అదే చెప్త, ఏది ముందు చేయాల్నో ఆ వరసలనే చెప్త.

మొదటి పని: ఒక నోట్‌బుక్కు, ఏడు రోజులు

ఇంజనీర్ దగ్గరికి పోకముందే ఇది చేయాలె. ఇప్పుడు ఉంటున్న ఇంట్లనే, కిరాయిదైనా సరే, ఇంట్ల ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ పెట్టండి. పొద్దున లేచినప్పటి సంది పండుకునే దాక ఏ గంటకి ఎక్కడ ఉంటున్నరు, అక్కడ వెలుతురు ఎట్లుంది, చప్పుడు ఏం వస్తుంది, ఉక్కపోత ఎంత, రాత్రి ఎన్నిసార్లు మెలకువ అయింది, అంతే. ఫోన్ల వెలుతురు కొలిచే యాప్ ఉచితంగనే దొరుకుతది, అది చూపించే లెక్క కచ్చితం కాదు గానీ ఒక గదికీ ఇంకో గదికీ తేడా తెలవడానికి సరిపోతది. నేను కొలిస్తే మా అమ్మ రోజంతా కూసునే హాల్ల పగలు పదకొండింటికి వంద లక్స్ (వెలుతురు కొలిచే లెక్క) కూడ రాలేదు, అదే టైంకి గేటు బయట నీడల నిలబడితే వేలల్ల ఉంది. ఎండకి భయపడి పరదాలు అన్నీ వేసి ఉంచినం కదా. ఆ పేజీ చూసినంకనే నాకు సగం సంగతి సమజయింది.

ఈ నోట్‌బుక్కు లేకపోతే కింద చెప్పేవన్నీ ఊరికే విని వదిలేసే మాటలైతయి. బద్ధకించకండి.

రెండో పని: పగటి వెలుతురు, రాత్రి చీకటి, రెండూ ప్లాన్లనే పెట్టాలె

కంట్ల చూపుకి పనికొచ్చే కణాలే ఉంటయని చానా ఏండ్లు అనుకున్నరు. 2002ల బయటపడ్డది ఏందంటే, కంటి వెనక పొరల ఇంకో రకం కణాలు కూడ ఉన్నయి, అవి బొమ్మలు చూడటానికి కంటే ముఖ్యంగ వెలుతురు ఎంతుందో మెదడుకి చెప్పడానికి ఉన్నయి. వాటిల్ల మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటది, నీలం వెలుతురు పడితే బాగ స్పందిస్తది. ఆ కబురు పోయి చేరేది రెండు కండ్ల నరాలు కలుసుకునే చోటికి సరిగ్గ పైన ఉండే చిన్న ముద్దకి, మన ఒంట్ల గడియారం అదే. ఎప్పుడు నిద్ర రావాలె, ఎప్పుడు ఒళ్లు చల్లబడాలె, ఎప్పుడు చురుకుండాలె అని టైం చెప్పేది అదే. పొద్దంతా మసక గదిల కూసుండి రాత్రి పన్నెండు దాక తెల్లటి ట్యూబ్‌లైట్ కింద ఉంటే ఆ గడియారానికి పగలేదో రాత్రేదో తేడా దొరకదు.

2022ల ఈ రంగపు శాస్త్రవేత్తలు కూసుండి అంకెలు చెప్పిన్రు: పగలు కంటి దగ్గర కనీసం 250 లక్స్, పండుకునే ముందు మూడు గంటలు 10కి మించొద్దు, నిద్రల 1కి మించొద్దు. ఇది మామూలు మీటర్ చూపించే లక్స్ కాదు, నీలం వెలుతురుకి ఎక్కువ లెక్క వేసి కట్టేది, పైగ టేబుల్ మీద కాదు, కంటికి ఎదురుగ కొలవాలె. యాప్ పట్టుకుని ఈ అంకె కోసం కొట్లాడకండి, పగటికీ రాత్రికీ తేడా ఎంత పెద్దగుండాల్నో చూడండి, విషయం అది.

ఇగ మన దగ్గర చిక్కు ఏందంటే వెలుతురు పిలిస్తే ఎండ కూడ వస్తది. ఏప్రిల్, మే నెలలల్ల వరంగల్ల కిటికీ తెరవమని ఎవరికి చెప్పినా తిడ్తరు. అందుకే ఎటు తెరవాలె, ఎటు మూయాలె అనేది తెల్వాలె. మనం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నం, ఎండకాలం మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీదనే ఉంటడు, జూన్ల కొంచెం ఉత్తరం దిక్కే ఉంటడు. అంటే దక్షిణం కిటికీకి రెండు ఫీట్ల సన్‌షేడ్ వేస్తే ఎండకాలం మధ్యాహ్నం ఎండ లోపలికి రాదు, చలికాలం సూర్యుడు కిందికి దిగుతడు కాబట్టి కొంచెం ఎండ లోపల పడ్తది, అప్పుడు అది హాయిగనే ఉంటది. ఉత్తరం కిటికీ అయితే ఇంకా మేలు, వెలుతురు వస్తది గానీ వేడి తక్కువ. తూర్పు కిటికీ పొద్దుటి పూటకి, ముసలోళ్లు లేవంగనే కూసునే చోటికి, పిల్లలు చదివే చోటికి. మనకి శత్రువు పడమర. నాలుగు గంటల ఎండ ఏటవాలుగ సూటిగ గోడ మీదికి వస్తది, దానికి సన్‌షేడ్ ఏం చేయలేదు, నిలువుగ అడ్డం ఉండాలె, జాలీ గానీ, తడక గానీ, చెట్టు గానీ. అందుకే పడమర గోడకి మెట్లు, బాత్రూంలు, బట్టల అల్మారీలు పెట్టమంట నేను.

వాస్తు సంగతి కూడ ఇక్కడనే చెప్పాలె, ఎందుకంటే ప్రతి ఇంట్ల ఈ గొడవ వస్తది. పెద్దబెడ్రూం నైరుతిల ఉండాలె అంటరు, మన దగ్గర నైరుతి అంటే సాయంత్రం పొయ్యి లెక్క కాలే మూల. పెద్దోళ్ల మనసు నొప్పించి ఆ గది మార్చమని నేను చెప్ప. నైరుతిలనే ఉంచండి, కానీ పడమర గోడ 9 అంగుళాలు కట్టండి, ఆ గోడకి లోపల నిండుగ అల్మారీ పెట్టండి, కిటికీ దక్షిణానికి ఇవ్వండి. వాళ్ల మాట నిలబడ్తది, మీ నిద్ర కూడ నిలబడ్తది.

రాత్రి కోసం వైరింగ్ వేసేటప్పుడే చెప్పండి, హాల్ల, బెడ్రూంల రెండు రకాల లైటు పాయింట్లు కావాలని. పైన తెల్లటిది పని కోసం, గోడకి నడుము ఎత్తుల పసుపు రంగుది, 2700 కెల్విన్ అని డబ్బా మీద రాసుంటది, రాత్రి ఎనిమిది దాటినంక ఇదొక్కటే వేసుకోవాలె. ఇల్లు అయినంక గోడలు పలగ్గొట్టి ఈ పని చేయాలంటే డబుల్ ఖర్చు.

మూడోది: స్లాబు వేడి

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలె, అది చేతులు కాళ్ల నుంచి బయటికి పోతది. పైన స్లాబు పగలంతా తాగిన ఎండని రాత్రి మీ మీదికి వదులుతుంటే ఒళ్లు ఎట్ల చల్లబడ్తది? మా ఊరి గూనపెంకుల కింద ఈ బాధ లేకుండె, ఎత్తు ఎక్కువ, పెంకుల సందులల్ల నుంచి గాలి ఆడేది. స్లాబు మీద తెల్లటి పూత తప్పక వేయించండి, సున్నమైనా సరే, కూల్‌రూఫ్ పెయింటైనా సరే, మన రాష్ట్రం 2023ల దీనికోసం ఒక పాలసీ కూడ తెచ్చింది. పండుకునే గదికి రెండు వేర్వేరు గోడలకి కిటికీలు ఉండాలె. కూలర్ పెట్టేటోళ్లు ఎదురు దిక్కు కిటికీ తెరిచి ఉంచాలె, గాలి పోయే తొవ్వ లేకుంటే గది అంతా తేమ పట్టి ఉక్కపోస్తది, చానామంది కిటికీ మూసి కూలర్‌ని తిడ్తరు.

నాలుగోది, నా మనసుకి దగ్గరిది: తొవ్వ

మెదడుల హిప్పోక్యాంపస్ అని ఒక భాగం ఉంటది, జ్ఞాపకాలకీ అదే, దారులకీ అదే. జాన్ ఒకీఫ్ అనే శాస్త్రవేత్త 1971ల ఎలుకలల్ల చూసిండు, ఎలుక ఒక చోటుకి పోతే ఒక కణం మోగుతది, ఇంకో మూలకి పోతే ఇంకో కణం. 2005ల మోజర్ దంపతులు పక్కన ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్‌ల ఇంకో రకం కణాలు కనిపెట్టిన్రు, అవి నేలంతా గళ్లు గీసుకుని కొలిచినట్టు పనిచేస్తయి. ముగ్గురికీ కలిపి 2014ల నోబెల్ ఇచ్చిన్రు. అంటే మనం ఇంట్ల తిరుగుతుంటే మెదడు లోపల ఆ ఇంటి పటం గీసుకుంటది అన్నట్టు.

ఇప్పుడు అమ్మ సంగతి చూడండి. అల్జీమర్స్ మతిమరుపు మొదట తగిలేది ఈ రెండు చోట్లకే. డాక్టర్ సార్ ఈ మాట చెప్పంగనే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, ఎందుకంటే పాత ఇంటి పటం ఆమెకి గట్టిగనే ఉంది, కొత్త పటం గీసుకునే కాడనే చెయ్యి ఆగిపోయింది, సరిగ్గ అదే టైంకి నేను ఆమెని ఒకటే తీరు తలుపులున్న ఇంటికి తెచ్చిన.

ఓరుగల్లు కోటకి పోయినప్పుడు మీరే చూడండి, నాలుగు కీర్తి తోరణాలు నాలుగు దిక్కుల, నాలుగు ఒకటే తీరు, అంత అందం ఇంకెక్కడ లేదు. కానీ నడుమ నిలబడి కండ్లు మూసుకుని రెండు చుట్లు తిరిగి తెరిస్తే ఏ తోరణం ఏ దిక్కుదో వెంటనే చెప్పలేరు, ఎండ చూసో, రోడ్డు చూసో చెప్పాలె. ఒకే తీరుగ ఉండటం కంటికి అందం, తొవ్వ వెతికే మెదడుకి కష్టం. ఇంట్ల ముసలోళ్లు ఉంటే అందం కొంచెం తగ్గినా ఫర్వాలేదు అనుకుని ఇవి చేయండి:

- మంచం మీద కూసుంటే బాత్రూం తలుపు కనపడాలె. కనపడితే గుర్తు పెట్టుకునే పనే లేదు. ప్లాన్ల ఆ ఒక్క గీత కోసం అరగంట ఇంజనీర్‌తోని కూసోండి.
- బాత్రూం తలుపు మిగతా తలుపుల రంగు ఉండొద్దు. మేం ముదురు పసుపు వేసినం, మా పాతింటి దర్వాజకి గడపకి పసుపు రంగు ఉండేది కాబట్టి.
- మలుపు ఉన్న ప్రతి చోట ఏదో ఒక గుర్తు, బాపు ఫోటో, పాత గడియారం, ఇత్తడి గుండిగ. కొత్త సామాను కాదు, వాళ్లకి ముప్పై ఏండ్ల సంది తెలిసిన సామాను.
- నేల మీద నల్లటి గ్రానైట్ పట్టీ వేయకండి. గడపల దగ్గర ఇది అందరు వేయిస్తున్నరు. మతిమరుపు ఉన్నోళ్లకి తెల్ల నేల మీద నల్లటి మచ్చ గుంత లెక్క కనపడొచ్చు, ఆగిపోతరు, లేదంటే దాటబోయి పడ్తరు. మెరిసే టైల్ నీళ్లు పడ్డట్టు కనపడ్తది, మ్యాట్‌ది గానీ షాబాద్ బండ గానీ వేయించండి.
- తెల్ల టైల్స్ ముందు తెల్ల కమోడ్ కలిసిపోయి కనపడది. సీటు రంగుది పెట్టండి, ఎరుపో నీలమో. పట్టుకునే రాడ్ కూడ అంతే.
- మంచం నుంచి బాత్రూం దాక నేలకి జానెడు ఎత్తుల చిన్న పసుపు లైట్లు, రాత్రంతా. పెద్ద లైటు వేస్తే కండ్లు చెదురుతయి, నిద్ర కూడ పోతది.

తలుపు రంగు మార్చి, మంచం తిప్పి, లైట్లు పెట్టినంక కొన్ని వారాలకి అమ్మ చానా రాత్రులు తనే పోయివచ్చుడు మొదలుపెట్టింది. అన్ని రాత్రులు కాదు. గోడలు మార్చితే ఆ జబ్బు పోదు, అట్ల చెప్పేటోళ్లని నమ్మకండి. కానీ దిక్కుతోచక హాల్ల నిలబడి నన్ను చూసి ఏడ్చిన మొఖం మాత్రం మళ్ల అంతగ చూడలేదు, నాకు అది చాలు.

ఐదోది: చప్పుడు

కాజీపేట జంక్షన్ దిక్కు ఉండేటోళ్లు అలవాటైపోయింది అంటరు. మనసుకి అలవాటైతది, మెదడుకి పూర్తిగ కాదు, నిద్రల కూడ చెవులు మూసుకోవు, లేచిన సంగతి మనకి గుర్తుండకపోయినా నిద్ర లోతు తగ్గుతది. న్యూయార్క్‌ల రైలు పట్టాల పక్కన ఒక బడి ఉండె, పట్టాల దిక్కు గదులల్ల కూసున్న పిల్లలు, రెండో దిక్కు పిల్లల కంటే చదువుడుల వెనకబడ్డరని 1975ల చూపించిన్రు, ఆరో తరగతికి వచ్చేసరికి దాదాపు ఏడాది తేడా. తర్వాత పట్టాల కింద రబ్బరు ప్యాడ్లు వేసి, క్లాసు రూంల పైకప్పుకి చప్పుడు పీల్చే పలకలు కొట్టించినంక మళ్ల చూస్తే తేడా పోయింది. మ్యూనిక్‌ల 1992ల పాత విమానాశ్రయం మూసి కొత్తది తెరిచినప్పుడు కూడ అంతే, పాతదాని దగ్గరి పిల్లలకి చదువుడు, జ్ఞాపకం మెరుగైనయి, కొత్తదాని దగ్గరోళ్లకి తగ్గినయి.

కాబట్టి పిల్లలు చదివే గది రోడ్డు మొఖాన వద్దు. ఎలివేషన్ బాగుంటదని ముందు దిక్కే పెద్ద కిటికీతోని పిల్లల గది పెడ్తున్నరు, వద్దు. రోడ్డుకీ గదికీ నడుమ మెట్లు గానీ వంటగది గానీ వస్తే సగం చప్పుడు అక్కడనే ఆగుతది. జరుపుడు కిటికీల సందులల్ల నుంచి చప్పుడు సులువుగ వస్తది, రెక్కల కిటికీ రబ్బరు పట్టీతోని గట్టిగ మూసుకుంటది. ఇంట్ల మోత వేరు, టైల్స్, గాజు, ఖాళీ గోడలు ఉంటే మాట గోడకి కొట్టుకుని తిరిగొస్తది, వినికిడి తగ్గిన ముసలోళ్లకి అప్పుడు ఏం సమజ్ కాదు, మనం వాళ్లు వింటలేరు అనుకుంటం. మందం పరదాలు, నేల మీద జంపఖానా, పుస్తకాల అర, వీటితోనే చానా తగ్గుతది.

ఆరోది: పండుకున్నోళ్లకి ఏం కనపడ్తది

రోజర్ ఉల్రిచ్ అనే ఆయన పెన్సిల్వేనియాల ఒక దవాఖాన పాత రికార్డులు తీసి, పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిని చూసిండు, 1984ల అచ్చయింది. 23 మంది కిటికీల చెట్లు కనపడ్తయి, 23 మంది కిటికీల ఇటుక గోడ. చెట్లు కనపడ్డోళ్లు సగటున 7.96 రోజులకి ఇంటికి పోయిన్రు, గోడ కనపడ్డోళ్లు 8.70 రోజులకి, గట్టి నొప్పి మందులు కూడ మొదటోళ్లకి తక్కువ పట్టినయి. చిన్న లెక్కే, ఒక్క దవాఖానదే, అయినా నలభై ఏండ్లు దాటినా అందరు దాన్నే చెప్తున్నరు ఎందుకంటే అది మనకి అందరికీ అనుభవమే.

మన కిటికీ అడుగు నేల నుంచి మూడు ఫీట్లు ఉంటది. మంచం మీద పండుకున్న మనిషి కండ్లు రెండు ఫీట్ల పైచిలుకుల ఉంటయి, ఆయనకి కనపడేది గ్రిల్లు, పక్కింటి గోడ పైభాగం. ముసలోళ్ల గదిల ఒక్క కిటికీ అడుగు రెండు ఫీట్లకి దించండి, గట్టి గ్రిల్ పెట్టండి. ఎదురుగ సెట్‌బ్యాక్ జాగ, అంటే ఇంటికీ ప్రహరీకీ నడుమ వదిలే జాగ, మూడు ఫీట్లే ఉన్నా ఒక పారిజాతం, ఒక కరివేపాకు చెట్టు పడ్తది. సెట్‌బ్యాక్ మీద కూడ రేకులు వేసి స్టోర్ రూం చేస్తున్నరు, ఆ పని చేయకండి, ఆ మూడు ఫీట్లు లోపలోళ్ల కండ్లకి.

అరుగు కూడ ఇందులనే. వెనక గోడ, పైన నీడ, ముందు వాడకట్టు, కూసున్నోళ్లని వెనక నుంచి ఎవరు రారు, వాళ్లకి మాత్రం అందరు కనపడ్తరు. ఇట్లాంటి చోటు మనిషికి నిమ్మళం ఇస్తదని జే యాపిల్టన్ అనే ఆయన 1975ల రాసిండు, మనోళ్లు అంతకంటే ముందు నుంచే కట్టుకున్నరు. గేటు లోపల నాలుగు ఫీట్ల అరుగు కట్టండి చాలు, పొద్దుటి వెలుతురు కూడ అక్కడనే దొరుకుతది.

పైకప్పు ఎత్తు గురించి, వంపుల గోడల గురించి కూడ పరిశోధనలు ఉన్నయి గానీ వాటి కోసం డబ్బులు పెట్టమని నేను చెప్ప. పైకప్పు పది ఫీట్లు ఉంటే వేడికి మంచిది, ఆ కారణం చాలు.

ఆఖరి పని: సున్నం గీతల మీద నడవండి

పునాది తవ్వకముందు మేస్త్రి సున్నంతోని గదులు గీస్తడు కదా, ఆ రోజు ఇంట్లోళ్లందరిని తీసుకపోండి. నోట్‌బుక్కు పట్టుకపోండి. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. మంచం చోట కుర్చీ వేసి ముసలోళ్లని కూసోబెట్టండి, బాత్రూం ఎటు ఉంటే బాగుంటది అని అడగండి, లేచి నడవమనండి. పిల్లల గది చోట పది నిమిషాలు కండ్లు మూసుకుని చప్పుడు వినండి. ఎండ ఎక్కడ పడ్తుందో కర్రలు పాతి గుర్తు పెట్టండి. ఆ రోజు గీత చెరిపి మళ్ల గీయడానికి గిన్నెడు సున్నం చాలు, గోడ లేసినంక అదే మార్పుకి లక్షలు.

పోయిన నెల పైన ఇంకో ఫ్లోర్ వేయడానికి స్లాబు మీద సున్నం గీతలు గీయించిన. అమ్మని మెల్లగ పైకి తీసుకపోయిన. ఆమె గీతల నడుమ నిలబడి, ఎవరు చెప్పకుండనే తూర్పు దిక్కు గది మూలకి పోయి, నా మంచం ఇక్కడ వెయ్యి బిడ్డా, పొద్దు కనపడ్తది అన్నది. ప్లాన్ల అక్కడ అల్మారీ ఉంది. అదే రోజు అల్మారీని పడమర గోడకి జరిపిన.